ముప్పై ఒకటో పేరు

నాకు కోపం ఎక్కువ. సుల్తాన్ బజార్‌లో మా గల్లీకి ఉత్తరాలు తెచ్చే వామన్‌రావుని అడగండి, చెబుతాడు. ఎనిమిదేళ్ళు ఆ మనిషితో నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఉత్తరం చేతికిస్తే తీసుకుని తలుపు వేసేదాన్ని. ఎండాకాలంలో మా గుమ్మం ముందు నిలబడి చెమట తుడుచుకుంటున్నా, మంచినీళ్ళు కావాలా అని అడిగిన పాపాన పోలేదు. ఆయన చేసిన నేరమల్లా, నా ఎం.ఏ. సెలెక్షన్ కార్డును గడువు దాటిన మూడు రోజులకు తెచ్చి ఇవ్వడం.

అది 1958 జూలై. నేను ఆ ఏడాదే బి.ఏ. లెక్కలతో పాసయ్యాను. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో, పాత బంగళాలో నడిచే కాలేజీలో ఎం.ఏ. మ్యాథమేటిక్స్ కొత్తగా పెట్టారు. దరఖాస్తులు తీసుకునే మొదటి రోజు, ఆఫీసు తలుపులు తెరవకముందే నాన్నా నేనూ వెళ్ళి నిలబడ్డాం. నా దరఖాస్తు నంబరు నాలుగు. ముప్పై సీట్లలో నా పేరు పన్నెండోది. ఆ సంగతి కార్డు వచ్చాకే తెలిసింది. నాన్న ఆ కార్డు పట్టుకుని చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే పరుగెత్తితే, కిటికీ వెనకున్న గుమాస్తా, "తారీఖు దాటిపోయిందండీ. మీ సీటు వెయిటింగ్ లిస్టువాళ్ళకి ఇచ్చేశాం" అన్నాడట.

రెండేళ్ళకు నాన్న పోయాడు. ఇల్లు నడవాలి కాబట్టి ఉద్యోగం వెతుక్కున్నాను. దొరికింది ఎక్కడనుకున్నారు? ఆ కిటికీ వెనకే. అదే కాలేజీ, అదే ఎం.ఏ., ఎం.ఎస్సీ. ప్రవేశాల సెక్షన్.

నా టేబుల్‌కి సరిగ్గా పైన మేడ మీద ఎం.ఏ. లెక్కల తరగతి. ఎనిమిది నుంచి పదకొండు దాకా వాళ్ళకు పాఠాలు. నేను పదింటికి వచ్చి కూర్చునేసరికి మూడో పాఠం మొదలయ్యేది. లెక్చరర్ లోపలికి రాగానే అందరూ లేచి నిలబడతారు కదా, కుర్చీలన్నీ ఒక్కసారి జరిగిన చప్పుడు నా నెత్తిమీద వినపడేది. ఆ తరువాత నల్లబల్ల మీద సుద్దముక్క టకటక. ఏం రాస్తున్నారో తెలియదు. ఆరేళ్ళు విన్నాను. ఆ గదిలో ఒక మూల కుర్చీలో కూర్చోవాలని ఎంత ఉండేదో అమ్మకు కూడా చెప్పలేదు. సగం కూడికలో కలం ఆపి పైకి చూస్తూ ఉండిపోయేదాన్ని.

చేరవచ్చు కదా అంటారేమో. ఉదయం గంట ఆలస్యంగా రానిస్తే చేరేదాన్నే. అప్పటి అధికారిని నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ కుదరదన్నాడు. పైగా మా కాలేజీలో ముప్పై ఏళ్ళు నిండినవాళ్ళను ఎం.ఏ.లో చేర్చుకోరు. 1966 ఆగస్టుకు నాకు ముప్పై నిండుతాయి.

ఆ జనవరిలో సదాశివ గారు అధికారిగా వచ్చారు. పాత హైదరాబాదు మనిషి, ఆఫీసుల్లో పని ఎలా సాగాలో నేర్పే శిక్షణ ఒకటి పూర్తిచేసి వచ్చారు. వచ్చిన నెలకే నన్ను పిలిచారు.

"వసుమతీ, నిరుడు ఆరు సబ్జెక్టుల్లో కలిపి నూట ఎనభై సీట్లు. దరఖాస్తులు వెయ్యికి మీద వచ్చినయ్. సెలెక్టు చేసినోళ్ళల్ల యాభై రెండు మంది రాలే. ఆ జాగలన్నీ వెయిటింగ్ లిస్టుతోటి నింపేసరికి ఆగస్టు అయిపాయె. మంచి మార్కులొచ్చినోళ్ళు ఎందుకు వస్తలేరు?"

"నాకేం ఎరుక సార్?"

"నువ్వు లెక్కల మనిషివి గదా. పాత రిజిస్టర్లు తీసి లెక్క చెయ్. ఒక రిపోర్టు రాసియ్యి. అంచనాలు నాకొద్దు, అంకెలు గావాలె."

"రాసిస్తే నాకేమిస్తరు సార్?" అన్నాను. నా నోరు అలాంటిది.

ఆయన నవ్వారు. "ఏం గావాలె?"

"ఎం.ఏ.కి దరఖాస్తు పెట్టుకుంట. సీటొస్తే రెండేండ్లు పదకొండింటికి వస్త."

"సీటొస్తే రా" అన్నారు.

మూడేళ్ళ రిజిస్టర్లు దించాను. ఎవరి దరఖాస్తు ఏ రోజు వచ్చింది, కార్డు ఏ రోజు పోస్టయింది, మనిషి చేరాడా లేదా, ఇవన్నీ గీతల కాగితం మీద వరసగా వేశాను. రెండు వారాలకు అందులోంచి ఒక విచిత్రం బయటపడింది. నిరుడు చేరని యాభై ఇద్దరిలో నలభై ఒక్కరు మొదటి వారంలో దరఖాస్తు పెట్టినవాళ్ళే. అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చినవాళ్ళు చేరడం లేదు. ఆఖరి రోజున ఆపసోపాలు పడుతూ వచ్చినవాళ్ళు మాత్రం దాదాపు అందరూ చేరుతున్నారు.

మా హెడ్ క్లర్కు అమరేశ్వరరావు గారికి చూపించాను. ఆయనది తెనాలి వైపు, రాష్ట్రం ఏర్పడిన ఏడాది ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. మంచి మనిషి. పని విషయంలో మాత్రం ఆయన పద్ధతి ఆయనదే.

"ముందుగా పెట్టేవాళ్ళు పది కాలేజీలకు పెడతారమ్మా. ఇంకోచోట దొరికితే మనకెందుకొస్తారు?" అన్నారు.

నమ్మేదాన్నే. కానీ ఆ సాయంత్రం ఆయన ఎర్రగుడ్డ మూట విప్పడం చూశాను. దరఖాస్తులు ఏ రోజువి ఆ రోజు నిన్నటివాటి మీద పెట్టి మూట కడతారు. మొదటి రోజువి అడుగున, ఆఖరి రోజువి పైన. మూట ఏ టేబుల్ దగ్గర విప్పినా మళ్ళీ అదే వరసలో కట్టాలన్నది ఆయన శాసనం. ఎంపిక అయ్యాక కార్డులు ఆయనే స్వయంగా, గుండ్రని అక్షరాలతో, రోజుకు పన్నెండు చొప్పున రాస్తారు. పైనుంచి ఒక్కొక్క దరఖాస్తు తీస్తూ, చిరునామా చూస్తూ రాస్తారు. నూట ఎనభై కార్డులకు పదిహేను రోజులు. చేరడానికి గడువు మాత్రం అందరికీ ఒకటే.

అటక మీంచి 1958 నాటి పోస్టింగు రిజిస్టరు దించి దుమ్ము దులిపాను. చేరవలసిన గడువు జూలై 15. దరఖాస్తు నంబరు నాలుగు, కార్డు పోస్టు చేసిన తేదీ జూలై 16. గడువు దాటిపోయిన మర్నాడు కూడా తాపీగా కార్డు రాసి, అంటించి, పంపారు. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.

రిజిస్టరు తీసుకెళ్ళి ఆయన టేబుల్ మీద దబ్బున వేశాను. "సార్, ఈ కార్డు గింత లేటుగ ఎందుకు పోయింది?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. "నంబరు నాలుగు. నాలుగంటే అడుగున ఉంటుంది గదమ్మా" అన్నారు, అందులో అడగడానికేముందన్నట్టు.

"ఆ నాలుగు నంబరు నేనే సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకోలేదు. ఆ రోజుల్లో కిటికీ దగ్గర కూర్చునేది ఆయనే కాబట్టి, మా నాన్నతో తారీఖు దాటిపోయిందన్న గుమాస్తా కూడా ఆయనేనని అప్పుడు తట్టింది. అరవాలనే వెళ్ళాను. ఆ మొహం చూశాక అరవలేకపోయాను. జీవితంలో నేను కోపం దిగమింగుకున్నది అప్పుడొక్కసారే అనుకుంటాను.

మర్నాడు వామన్‌రావుకి మంచినీళ్ళిచ్చి, చాయ్ కూడా ఇచ్చాను. ఆయన కప్పులోకి అనుమానంగా తొంగిచూశాడు.

"ఏందమ్మా, ఎండ గిట్ల తగిలిందా?" అన్నాడు.

"తాగున్రి. తప్పు నాదే" అన్నాను. ఎనిమిదేళ్ళ కోపానికి అంతకంటే పెద్ద క్షమాపణ నాకు రాదు.

రిపోర్టు రాశాను. ఒక పెద్ద అట్ట మీద దరఖాస్తు ఏ టేబుల్ నుంచి ఏ టేబుల్‌కి పోతుందో, ఎక్కడ ఎన్ని రోజులుండాలో గీసి గోడకు కొట్టాను. ప్రతి దరఖాస్తుకూ ఒక చీటీ గుచ్చాలి, ప్రతి టేబుల్ దగ్గరా వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ రాయాలి. మూట తిరగేయాలి, ముందు వచ్చినది ముందు చూడాలి. చిరునామా కార్డు దరఖాస్తు ఇచ్చేటప్పుడే అభ్యర్థి చేతే రాయించి పెట్టుకోవాలి. అప్పుడు ఎంపిక కాగానే ఎంచుకున్న కార్డులు బయటికి తీసి ముద్ర వేయడమే, ఒక్క రోజు పని. అన్నిటికంటే పైన ఒక నియమం రాశాను: మన టేబుళ్ళ దగ్గర జరిగిన ఆలస్యాన్ని అభ్యర్థి మీద వేయకూడదు. సదాశివ గారు దాని కిందే సంతకం చేశారు.

జూన్‌లో దరఖాస్తులు మొదలైన రోజు పొద్దున్నే ఒకమ్మాయి వచ్చింది. పేరు అహల్య, మహబూబాబాద్ అవతల ఒక పల్లె. నంబరు మూడు. కార్డు మీద చిరునామా రాయమంటే నాలుక కొస పంటికింద పెట్టుకుని జాగ్రత్తగా రాసింది.

"అక్కా, కార్డు జర జల్ది పంపున్రి. మా ఊరికి టపా రోజూ రాదు. మంగళవారం, గురువారం, శనివారమే వస్తది" అంది.

"ఫికర్ చెయ్యకు. ఈయేడు నుంచి ముందొచ్చినోళ్ళకే ముందు" అన్నాను, పెద్ద గర్వంగా.

ఆ రోజే నా దరఖాస్తు కూడా పెట్టాను. నంబరు పదకొండు.

ఎంపిక జాబితా జూలై మొదటి వారంలో వచ్చింది. ఎనిమిదేళ్ళలో మార్కులు పెరిగిపోయాయి. లెక్కల్లో ముప్పై సీట్లు, నా పేరు ముప్పై ఒకటోది. వెయిటింగ్ లిస్టులో మొదటిది.

అమరేశ్వరరావు గారి మొహం వెలిగిపోయింది. "ఇంకేం కావాలమ్మా! ఏటా లెక్కల్లో ఎనిమిది తొమ్మిది సీట్లు మిగులుతాయి. నీకు వచ్చేసినట్టే" అని, గొంతు తగ్గించారు. "ఒక్కమాట చెప్తాను, కోప్పడకు. ఆ మూట తిరగేసేది, ఒక్కరోజులో పంపేది, ఇవన్నీ వచ్చే ఏడు మొదలెడదాం. ఈ ఒక్కసారికి పాత పద్ధతిలోనే రాస్తాను. నీకు నేను బాకీ ఉన్నానమ్మా."

"మీరు చేసిన మేలు చాలు సార్" అని విసురుగా లేచొచ్చాను. పాపం, ఆయన నా మంచికే అన్నారు. నాకు కోపం వచ్చింది ఆయన మీద కాదు. ఆయన అనకముందే నా మనసులో ఆ మాట ఉన్నందుకు.

జూలై 8, శుక్రవారం. అన్ని సబ్జెక్టుల కార్డులూ ఒక్కరోజే నా టేబుల్‌కి వచ్చాయి. గడువు మరుసటి శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. ముద్ర వేసి, చీటీ మీద 8న వచ్చింది, 8న వెళ్ళింది అని రాసి పక్కన పెడుతున్నాను. లెక్కల కట్టలో అహల్య కార్డు చేతికొచ్చింది. తన అక్షరాలే. ఈ రోజు పోతే మంగళవారం అందుతుంది, రేపు పోతే గురువారం దాకా అందదు అని నా బుర్ర అడక్కుండానే లెక్క కట్టేసింది. గురువారం అందితే కాలేజీలో సర్టిఫికెట్లు తీసుకుని, రైలెక్కి, శుక్రవారం ఐదింటికి నాంపల్లిలో దిగడం కష్టం.

సొరుగు తెరిచాను. కార్డు వేశాను. మూశాను. ఎవరూ చూడలేదు.

ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. మర్నాడు ఆఫీసుకు వెళ్ళగానే కార్డు తీసుకుని, బిళ్ళబంట్రోతుకు కూడా ఇవ్వకుండా, నేనే అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాకా నడిచి డబ్బాలో వేసి వచ్చాను. చీటీ మీద 8న వెళ్ళిందని రాస్తే అడిగేవాళ్ళు లేరు. రాయలేకపోయాను. దొంగతనమైతే చేతనైంది, దొంగ లెక్క చేతకాలేదు. 9 అని రాసి ఫైల్లో పెట్టేశాను. ఒక్కరోజులో ఏమైపోతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను, వారం పొడుగునా చెప్పుకుంటూనే ఉన్నాను.

ఆ వారం కిటికీ ముందు వరస తగ్గలేదు. కార్డులు పట్టుకుని ఎక్కడెక్కడినుంచో వచ్చారు. సదాశివ గారు రోజూ సాయంత్రం గోడమీది అట్ట దగ్గరకొచ్చి, ఏ సబ్జెక్టులో ఎందరు చేరారో నేను వేసిన అంకెలు చూసి మురిసిపోయేవారు. నాకు మాత్రం లెక్కల గడిలో ఒక్కో అంకె పెరిగినప్పుడల్లా ఒక మెట్టు దిగుతున్నట్టుండేది. ఇరవై. ఇరవై నాలుగు. ఇరవై ఎనిమిది. నేను గీసిన పట్టికే నా దారికి అడ్డం కూర్చుంది.

గడువు రోజు మధ్యాహ్నానికి ఇరవై తొమ్మిది. మిగిలింది ఒక్కటే, నంబరు మూడు.

ఐదు కొట్టింది. అమరేశ్వరరావు గారు కిటికీ రెక్కలు మూసి, నా దరఖాస్తు, చేరే ఫారం పట్టుకుని నాకంటే ముందు సదాశివ గారి గదిలోకి నడిచారు. సదాశివ గారు వెయిటింగ్ లిస్టు తెరిచి నా పేరు పక్కన టిక్కు పెట్టారు.

"ముబారక్ వసుమతీ. సోమవారం నుంచి పదకొండింటికి రా" అన్నారు.

ఫారం మీద నా పేరు రాశాను. పుట్టిన తేదీ రాశాను. ఎనిమిదేళ్ళ నుంచి మనసులో ఎన్నిసార్లు నింపానో ఆ ఫారం.

తలుపు దగ్గర చప్పుడైంది. అహల్య. చేతిలో గుడ్డసంచి, మోకాళ్ళ దాకా బురద. స్టేషన్ నుంచి వానలో పరుగెత్తుకొచ్చినట్టుంది.

"సార్, నాది లెక్కలు. కార్డు నిన్న పొద్దుగాల వచ్చింది. ఇయ్యాల వరంగల్లుల సర్టిఫికెట్లు తీస్కొని రైలెక్కిన" అంది, ఊపిరి అందకుండా.

సదాశివ గారు గడియారం చూశారు. ఐదూ ఇరవై. "టైమ్ అయిపాయె బిడ్డా. తారీఖు తారీఖే. సీటు ఇచ్చేసినం."

ఆ పిల్ల ఏడవలేదు, వాదించలేదు. "మొదటి దినమే వచ్చి ఇచ్చిన సార్" అని మాత్రం అంది. తరువాత నావైపు చూసింది. అందరికంటే ముందు చూస్తామని చెప్పిన అక్కవైపు.

మా నాన్న ఈ కిటికీ అవతల ఎలా నిలబడ్డాడో నేను చూడలేదు. అప్పుడు చూశాను.

లేచి వెళ్ళి ఫైల్లోంచి నంబరు మూడు చీటీ తెచ్చి సదాశివ గారి ముందు పెట్టాను.

"సార్, అన్ని కార్డులూ ఎనిమిదిన పోయినయ్. ఈ ఒక్కటి తొమ్మిదిన పోయింది. వీళ్ళ ఊరికి టపా రోజు విడిచి రోజు వస్తది, గందుకే గురువారం దాకా అందలే. లేటు మన దగ్గర అయింది. మన లేటు వాళ్ళ మీద వెయ్యొద్దని మీరే సంతకం పెట్టిన్రు."

"ఏ టేబుల్ దగ్గర?"

"నా టేబుల్ దగ్గర."

"ఎట్లయింది?"

"కాలే సార్. చేసిన. సొరుగులో పెట్టిన."

ఆయన చీటీ వైపు, నా వైపు, అహల్య వైపు చూశారు. తరువాత ఎర్రసిరా కలం తీసి నా పేరు పక్కనున్న టిక్కు మీద అడ్డంగా గీత గీశారు. "వచ్చే ఏడు..." అని ఏదో అనబోయారు.

"వచ్చే ఏడు నాకు వయసు దాటుతది సార్" అన్నాను.

అమరేశ్వరరావు గారు బయటికెళ్ళి, మూసిన కిటికీ రెక్కలు మళ్ళీ తెరిచారు. "సర్టిఫికెట్లు ఇలా ఇవ్వమ్మా" అన్నారు అహల్యతో.

రసీదు నేనే రాశాను. దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంటూ ఆ పిల్ల అడిగింది, "అక్కా, అందరూ వచ్చిన్రా?"

"ఔ. నీతోటి ముప్పై" అన్నాను.

సదాశివ గారు నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. వారం రోజుల జీతం కోసి, ఆ ఏటి ప్రవేశాల రిపోర్టు మాత్రం నా చేతే రాయించారు. అందులో ప్రతి టేబుల్ దగ్గరా జరిగిన ఆలస్యం ఒక వరసలో వేయాలి. వసుమతి, ఒక కార్డు, ఒక రోజు అని రాశాను. ఆ కిందే లెక్కలు, ముప్పై సీట్లు, ముప్పై మంది అని రాశాను. కాలేజీ పెట్టినప్పటి నుంచి అలా రాయడం అదే మొదటిసారి.

సోమవారం పదింటికి వచ్చి నా టేబుల్ దగ్గర కూర్చున్నాను. కాసేపటికి పైన లెక్చరర్ వచ్చినట్టున్నాడు, కుర్చీలన్నీ ఒక్కసారి జరిగాయి. ఎన్ని అని లెక్కపెట్టక్కర్లేదు, నాకు తెలుసు. అందులో ఒకటి నాది కావాలని అప్పటికీ ఉంది, అంత జరిగాక కూడా. సుద్దముక్క చప్పుడు మొదలైంది. పదకొండు దాకా తల ఎత్తలేదు.